కుడివైపు తోక

నా థీసిస్ కాపీ ఒకటి ఇప్పటికీ బీరువా పై అరలో ఉంది. నల్ల రెక్సిన్ అట్ట. దాని మీది బంగారు అక్షరాలు సగం వెలిసిపోయాయి. లోపల ఇంగ్లీషు వాక్యాలన్నీ టైపు మిషన్ మీద కొట్టినవి, లెక్కల గుర్తులు మాత్రం చేత్తో రాసినవి. తెరిచిన ప్రతివాళ్లూ ఆ గుర్తుల దగ్గరే ఆగిపోతారు. "ఎవరు రాశారండీ ఇంత అందంగా?" అని అడుగుతారు. "రాయించాను లెండి" అని పేజీ తిప్పేసేదాన్ని. పన్నెండేళ్లు అలా పేజీ తిప్పేస్తూ బతికాను.

తొంభైల మొదట్లో మాట. నాన్న ప్రభుత్వ గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, ఆఫీసుకు నడిచి వెళ్లొచ్చని పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నాడు. నా యూనివర్సిటీ ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. సీటు దొరికితే ఒళ్లో కాగితం పెట్టుకుని లెక్క చేసేదాన్ని, దొరక్కపోతే కండక్టరుతో తగువు పడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముక్కు మీద కూడా కాదే, నీకంటే రెండడుగులు ముందే నడుస్తుంది" అనేది అమ్మ.

ఒకరోజు వంటింట్లో అమ్మే అడిగింది, "ఇంతకీ ఏం లెక్కలే నువ్వు చేసేది? పక్కింటావిడ అడిగితే చెప్పలేక చస్తున్నాను" అని. గోడకు వేలాడుతున్న పంచాంగం తీసి చేతికిచ్చాను. ముందు నీ వైపు ఒక మలుపు తిప్పు, తర్వాత కుడికి ఒక మలుపు తిప్పు అన్నాను. తిప్పింది. ఇప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టి ముందు కుడికి, తర్వాత నీ వైపు తిప్పమన్నాను. రెండోసారి అట్ట ఇంకో దిక్కుకు వచ్చి ఆగింది. ఏది ముందు చేశాం, ఏది వెనక చేశాం అన్నదాన్ని బట్టి వచ్చే ఆ తేడాను కొలిచే లెక్కే లీ బీజగణితం అని చెప్పాను.

"ఓస్, ఇంతేనా? పోపులో నీళ్లు పోయడానికీ, నీళ్లలో పోపు వేయడానికీ తేడా మాకు తెలీదా" అంది అమ్మ.

పంచాంగాన్ని తిప్పడానికి మూడే దిక్కులు. నా లెక్క అంతకంటే పెద్దది. జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు తీసి చూపించాను. ఇందులో ప్రతి చుక్కనీ విడిగా జరపొచ్చు, ఇక్కడ సాగదీసి అక్కడ నొక్కొచ్చు. జరిపే పద్ధతులకు అంతే లేదు. అందుకే దాన్ని అనంత పరిమాణాల బీజగణితం అంటారు. ఆ పద్ధతులకు ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు ఉంటాయి, వాటికి ఎదురు నడిచేవాటికి మైనస్ ఒకటి, మైనస్ రెండు అని. ఒక నంబరూ దాని మైనస్సూ ఎదురుపడినప్పుడు మాత్రం ఒక తమాషా జరుగుతుంది. మామూలు జవాబుతో పాటు చివర ఒక అదనపు అంకె మిగులుతుంది. అది ఎవరితోనూ తగువు పడదు, దాన్ని ముందు పెట్టినా వెనక పెట్టినా తేడా రాదు. తీగలాంటి చుట్టు ఒకటి కంపిస్తూ ఉంటే భౌతికశాస్త్రం వాళ్లకు ఆ అంకె లేకుండా పని జరగదు. చిల్లులున్న తలాలు తమ ఆకారం ఎన్ని రకాలుగా మార్చుకోగలవు అని లెక్కపెట్టే జ్యామితి వాళ్లకూ అది కావాలి.

"చిల్లులంటే గారెలాగానా?"

"అవునమ్మా. రెండు చిల్లుల గారె, మూడు చిల్లుల గారె."

"ఆరేళ్ల నుంచి గారెలకు చిల్లులు లెక్కపెడుతున్నావన్నమాట" అని నిట్టూర్చి అమ్మ పప్పు దించింది.

నిజానికి ఆ ఆరేళ్లే నా మెడ మీద కత్తి. రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. "మూడోసారి పొడిగింపు రాదమ్మా. మార్చి నెలాఖరుకు నేనూ రిటైరవుతున్నాను. ఆలోపల ఇచ్చావా సరే, లేకపోతే ఇదంతా ఇంట్లో దాచుకో" అన్నారు మా గైడు మాస్టారు. ఆయన మృదువుగానే అన్నారు.

ఆ రోజుల్లో లెక్కల థీసిస్ అంటే టైపిస్టు మాటలు కొట్టి, గుర్తులు ఉండాల్సిన చోట ఖాళీలు వదిలేవాడు. ఆ ఖాళీల్ని మనం చేత్తో నింపుకోవాలి. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది. నమూనాగా నింపిన పేజీ చూసి మాస్టారు కళ్లజోడు తీసేశారు. "ఇది పరీక్షకులకు పంపితే, ఈ మందుల చీటీ ఏ డాక్టరు రాశాడని అడుగుతారు" అన్నారు. అది విని నాన్న దారి చూపించాడు. పత్తర్‌గట్టి వెనక సందులో పెళ్లి కార్డులకు ఉర్దూ రాసిచ్చే కాతిబ్ ఒకాయన ఉన్నాడు, ఆయన చేత్తో రాస్తే అచ్చు సిగ్గుపడాలి అన్నాడు.

కాతిబ్ అంటే చేతిరాతే వృత్తిగా బతికే మనిషి. అరవై దాటిన సన్నటి మనిషి, తెల్ల కుర్తా, ఎత్తైన చెక్క పలక మీద కూర్చుని, ఒక మోకాలు పైకి పెట్టి, దాని మీద అట్ట ఆనించి రాస్తూ కనిపించాడు. ఎదురుగా కొత్తగా కంప్యూటర్ పెట్టిన షాపులో జనం నిండి ఉన్నారు. ఈయన దగ్గర ఒక్కరే, ఆ ఒక్కరూ టైం ఎంతయిందో అడగడానికి వచ్చారు.

"చాచా, ఇవి రాయగలరా?" అని నా కాగితాలు ఇచ్చాను.

చాలాసేపు చూశాడు. "చదవరాదు గని రాయొస్తది. నాకు ఇవి అక్షరాలు గావు బేటీ, తస్వీర్లు, బొమ్మలు."

కలం మొన కాగితం మీద ఆనించి ఒక చుక్క పెట్టాడు, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. వాళ్ల కొలబద్ద అదేనట. ఏ అక్షరమైనా ఇన్ని చుక్కల ఎత్తు, ఇన్ని చుక్కల పొడుగు అని లెక్క. నా కోడిగీతల్ని అలా చుక్కలతో కొలిచి, ప్రతి గుర్తుకూ ఒక కొలత పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా నేను రాస్తున్న గుర్తులకు కొలతలు ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత రాయడం మొదలుపెట్టాడు. కుడి చివర నుంచి.

"చాచా! ఎడమ నుంచి రాయాలి. ఇది ఇంగ్లీషు."

"నలబై ఐదేండ్ల సంది ఈ చెయ్యి ఇటుకెల్లే నడుస్తున్నది. తస్వీర్‌కు ఏ దిక్కయితే ఏంది? అయినంక చూడు."

అయ్యాక చూశాను. ఏ దిక్కు నుంచి రాశాడో పైనున్న దేవుడు కూడా చెప్పలేడు. నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

ఫిబ్రవరి అంతా అలా గడిచింది. సాయంత్రం బస్సు దిగి పేజీలు ఇచ్చేదాన్ని, అయినవి తెచ్చుకునేదాన్ని. ఇరానీ చాయ్ తెప్పించి సాసర్లో సగం నాకు పోసేవాడు. నేను ఆయనకు లెక్కల గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఆయన అడగలేదు. తడి సిరా వాసన, సందులో స్కూటర్ల హారన్లు, కలం కాగితం మీద చేసే ఆ చిన్న గీరుడు చప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే నా పరిశోధనలో నేను నిజంగా సుఖంగా ఉన్నది ఆ నెల రోజులే అనిపిస్తుంది.

మూడో అధ్యాయం తీసుకోవడానికి వెళ్లిన ఆదివారం గొడవయింది. పేజీలు తిరగేస్తుంటే ఒకచోట సమీకరణం ఎడమ పక్కకు జరిగి ఉంది. కుడివైపు బెత్తెడు ఖాళీ.

"ఇదేంటి చాచా? ఇంత ఖాళీ ఎందుకు వదిలారు?"

"తోకకు జగా ఉంచిన."

"ఏ తోక?"

ఆయన తన దగ్గర ఉండిపోయిన నా కోడిగీతల కాగితాలు నాలుగు తీసి పరిచాడు. "గిటు చూడు. రెండు గోడల నడుమ ఒక్కతీరు ఆకారాలు రెండున్నయి, ఒకదాని ముంగట అడ్డగీత ఉన్నది. గిట్లాంటిది వచ్చినప్పుడల్లా కుడి చివర ఒక తోక ఉంటది. నేను ఆ తోక నుంచే షురూ చేస్త గద! గీ పేజీల కలం పెడితే తోక లేదు. మర్చిపోయినవేమో అని పదకొండు చుక్కల జగా ఉంచిన."

గడువుకు పన్నెండు రోజులుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నేను రాసింది రాయమన్నాను, లెక్క చెయ్యమన్నానా? కార్డు మీద పెళ్లికొడుకు పేరు లేకపోతే మీరే ఒక పేరు పెట్టేస్తారా?" అని అరిచాను. ఎదురు షాపులో జనం తలలు తిప్పి చూశారు.

ఆయన కలం తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు, "పెట్ట. నకలు రాసేటోని పని దిద్దుడు గాదు. అందుకే రాయలె, ఖాళీ ఉంచిన. నువ్వు వద్దంటే మళ్ల రాసిస్త, లొల్లి ఎందుకు?"

వద్దని పేజీలు లాక్కుని వచ్చేశాను. పత్తర్‌గట్టి పొడుగునా బట్టల షాపుల వాళ్లు "ఆయియే, దేఖియే" అంటుంటే వాళ్ల మీద కూడా కోపమే వచ్చింది.

ఆ మధ్యాహ్నం డాబా మీద, అమ్మ ఎండబెట్టిన ఒడియాల పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. ఆయన తప్పని తేల్చడానికే కూర్చున్నాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అక్కడ తోక, అంటే అమ్మకు చెప్పిన ఆ అదనపు అంకె, ఉండదని నాకు ఎలా తెలుసు? సరిచూసుకున్నాను కాబట్టి. ఒకటి అనే నంబరు పెట్టి చూశాను, తోక సున్నా. మళ్లీ పెట్టాను, మళ్లీ సున్నా. చూశావా చాచా అనుకున్నాను. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండలేక, రెండు పెట్టాను.

సున్నా రాలేదు. ఆ తోక పొడుగు నంబరు ఘనంలోంచి నంబరు తీసేస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. ఒకటికి, ఒకట్లోంచి ఒకటి పోతే సున్నా. రెండుకు, ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు. సున్నాకూ ఒకటికీ మైనస్ ఒకటికీ మాత్రమే ఆ తోక మాయమవుతుంది, ఇంక ఏ నంబరుకూ కాదు. ఆరేళ్ల పాటు నేను ఒకటితోనే సరిచూసుకున్నాను. చదవడం ఎప్పుడూ ఎడమ నుంచి మొదలుపెట్టి, అసలు సంగతి అర్థమయిందనుకున్నాక కుడి చివర దాకా కన్ను సాగనిచ్చేదాన్ని కాదు. ఆయన కలం మొదట ఆనేదే అక్కడ. మూడో అధ్యాయం మొత్తం ఆ ఒక్క వరుస మీద నిలబడి ఉంది.

అమ్మ ఒడియాలు ఎత్తడానికి వచ్చేసరికి నేను చాప మీద బోర్లా పడి ఏడుస్తున్నాను. సంగతి విని, "తప్పు దొరికిందా? దొరకనప్పుడు కదే ఏడవాల్సింది" అని చేట నా చేతిలో పెట్టింది. ఒడియాలు ఎత్తాం. ఎత్తాక మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాను.

ఎనిమిది రోజులు పట్టింది. అంతకుముందు నేను చెప్పింది, నా గారెల జ్యామితిలో ఒక అడ్డంకి ఎప్పుడూ తొలగిపోతుంది అని. తోక కలిపాక తేలింది వేరు. అది ప్రతిసారీ తొలగదు. తోకను గుణించే స్థిరాంకానికి ఒకే ఒక్క విలువ ఉన్నప్పుడే తొలగుతుంది. ఆ విలువ ఏమిటా అని చూస్తే, కంపించే తీగల లెక్కలో భౌతికశాస్త్రం వాళ్లు ఏనాడో వేరే దారిలో పట్టుకున్న విలువే. నా కాగితం మీద అది బయటపడినప్పుడు దాని చుట్టూ మూడుసార్లు గీత గీశాను. తప్పుగా ఉన్నప్పుడు నా సిద్ధాంతం ఎవరికీ పనికిరాని నిజంలా ఉండేది. దిద్దాక దానికి ప్రాణం వచ్చింది.

మాస్టారి గదికి పరుగెత్తాను. ఆయన ప్రతి వరుసా చూశారు. ఎప్పుడూ పొడిగా ఉండే మనిషి ముఖం వెలిగింది. "ఇది ఎవరు పట్టుకున్నారు?"

"నేనేనండీ. మళ్లీ సరిచూస్తుంటే తెలిసింది."

ఎందుకు అన్నానంటే సిగ్గేసి అన్నాను. ఆరేళ్లు చదివిన నాకు కనిపించనిది, అందులో ఒక్క అక్షరం చదవరాని పెళ్లి కార్డుల ఆయనకు కనిపించిందని చెప్పడానికి నోరు రాలేదు. "తన తప్పు తను పట్టుకోగలిగినవాళ్లే ఈ చదువుకు పనికొస్తారమ్మా" అన్నారు మాస్టారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి తలూపాను.

పేజీలు పట్టుకుని మళ్లీ సందులోకి వెళ్లాను. కోపం వచ్చినంత తేలిగ్గా నాకు క్షమాపణ రాదు. తోక రాసిన చీటీ ముందు పెట్టి ఊరుకున్నాను. ఆయన ఆ ఖాళీలో కుడి నుంచి కలం పెట్టి రాశాడు. పదకొండు చుక్కల జాగాలో తోక సరిగ్గా కూర్చుంది. మారిన మిగతా పేజీలన్నీ రెండు రోజులు వేరే పని ముట్టకుండా రాసిచ్చాడు.

ఆఖరి పేజీ ఆరబెడుతూ అడిగాడు, "కితాబ్ అయినంక ఆఖర్ల కాతిబ్ తన పేరు చిన్నగ రాసుకుంటడు. మా రివాజు. రాయాల్నా?"

"రూల్స్ ఒప్పుకోవు చాచా" అన్నాను.

అలాంటి రూలేదీ లేదు. ఆ పేరు చూసి మాస్టారు ఎవరీయన అని అడిగితే కథంతా బయటపడుతుందని నా భయం. "ఫికర్ లేదు బేటీ" అని ఆయన కలం తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. కృతజ్ఞతల పేజీలో మాస్టారికి, అమ్మానాన్నలకు, లైబ్రరీ వాళ్లకు, చివరికి జిరాక్సు షాపు వాడికి కూడా ధన్యవాదాలు చెప్పాను. ఆయన మాట ఎక్కడా లేదు. గడువుకు ఒక రోజు ముందు థీసిస్ ఇచ్చేశాను.

డిగ్రీ వచ్చింది. మూసీ ఇవతల ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది, ఇల్లు కూడా ఇటు మారింది. పాతబస్తీకి చుట్టాలొస్తే గాజులు కొనిపెట్టడానికి తప్ప వెళ్లడం మానేశాను. ఆ సందు వైపు అసలే వెళ్లలేదు.

పన్నెండేళ్ల తర్వాత మాస్టారు పోయారు. సంతాప సభలో నాకంటే చిన్నవాడైన ఒక అధ్యాపకుడు వచ్చి పలకరించాడు. "మీరేనా మేడమ్? మాస్టారు ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు మీ కథే చెప్పేవారు. గడువు తల మీద ఉండగా తన తప్పు తనే పట్టుకున్న పిల్ల అని. నేను లెక్కల్లో నిలబడింది ఆ కథ విని" అన్నాడు. నన్ను కూడా మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడ్డాను గానీ మాట పెగల్లేదు. దుఃఖం అనుకుని అందరూ ఓదార్చారు. నిజం చెప్పాల్సిన మాస్టారి దగ్గరికి పన్నెండేళ్లు బస్సు ఉంది, నేనే ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే బీరువాలోంచి థీసిస్ తీసుకుని పాతబస్తీకి వెళ్లాను. ఆ సందులో చెక్క పలక లేదు. అక్కడా కంప్యూటర్లే, గోడ నిండా రంగురంగుల కార్డులు. కూర్చున్న మనిషిని అడిగితే, "ఆయన రాసుడు బంద్ చేసి మస్తు దినాలైంది మేడమ్. ఇంట్లనే ఉంటున్నడు, హుస్సేనీ ఆలంల" అని గుర్తులు చెప్పాడు. మేము అద్దెకున్న ఇంటికి రెండు సందుల వెనక. ఆ రోజుల్లో రోజూ ఆయన ఇంటి ముందు నుంచే బస్సుకు పోయేదాన్నన్నమాట.

వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పుస్తకం చేతిలో పెట్టాను. ఉర్దూ పుస్తకం తెరిచినట్టు వెనక నుంచి తెరిచి, వేళ్లతో పేజీలు తడుముతూ మూడో అధ్యాయం దాకా వచ్చి ఆగాడు. కుడివైపు చివర వేలు పెట్టాడు.

"తోక" అన్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. "కోపం బేటీ!"

కోడలు చాయ్ తెచ్చింది. సగం తాగేలోపల అంతా చెప్పేశాను. ఆయన చూపింది నేను చూశానని చెప్పుకోవడం, లేని రూలు చెప్పడం, సభలో నోరు పెగలకపోవడం. "నన్ను మాఫ్ చెయ్యండి చాచా" అన్నాను.

ఆయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకేం తప్పు చేసినవ్? పని ఇచ్చినవ్, చేసిన. అబద్ధం చెప్పింది మీ సార్‌కు గద" అన్నాడు.

చల్లారిన చాయ్ పక్కన పెట్టాను.

కాసేపటికి సంచీలోంచి పెన్ను తీసి, ఆఖరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. "మీ పేరు రాయండి. అప్పుడే రాయాల్సింది."

ఆయన కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. వేళ్లు వణుకుతున్నాయి. అదుపు చేద్దామని ఎడమచేత్తో పట్టుకున్నాడు, అదీ వణికింది. "ఆ రాత కింద ఈ రాత పెట్ట. నువ్వు రాయి. నేను చెప్త."

"నాకు ఉర్దూ రాదు చాచా. నా దస్తూరీ మీకు తెలుసు కదా."

"తెలుసు" అని నవ్వాడు. "చదవరాకున్న రాయొచ్చు. తస్వీర్ అనుకో."

వేలితో దుప్పటి మీద మొదటి అక్షరం గీసి చూపించాడు. నేను పుస్తకం ఒళ్లోకి తీసుకుని, పెన్ను మూత తీసి, పేజీకి ఎడమవైపు ఆనించాను. ఆయన వణుకుతున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని, నెమ్మదిగా కుడి చివరికి జరిపాడు.

"ఇటుకెల్లి" అన్నాడు.